పదిహేడో నంబరు కుర్రాడు

జూలై రెండో శనివారం మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, మా విర్రాబూల్ మైదానం కంచెకు ముక్కు ఆనించి నిలిపిన తెల్ల కారులో, ఎల్విన్ ట్రెంగోవ్ నుదురు నెమ్మదిగా కిందికి జారి స్టీరింగ్ మధ్యలో ఆనింది. హారన్ మోగింది. గోలు పడితే మైదానం చుట్టూ ఉన్న కార్లన్నీ హారన్ కొట్టడం మా వైపు ఆనవాయితీ. ఒక కారు మోగితే పక్క కారు ఎందుకని అడగదు. క్షణంలో నలభై కార్లు మోగాయి. సరిగ్గా అప్పుడే మా కుర్రాడొకడు కొట్టిన బంతి పెద్ద స్తంభానికి తగిలి పక్కకు పడింది. మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో స్తంభానికి తగిలితే ఒక్క పాయింటు. రెండు పెద్ద స్తంభాల మధ్యనుంచి పోతేనే గోలు, ఆరు పాయింట్లు. గోలు దగ్గర నిలబడే అంపైరు ఆథల్‌కి డెబ్భై మూడేళ్ళు. ఆ సమయానికి వానలో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నలభై కార్లు ఒక్క మాట మీద ఉన్నప్పుడు తన రెండు కళ్ళనే నమ్ముకోవడం మర్యాద కాదనుకుని, తెల్లకోటు సర్దుకుని, గోలేనని రెండు జెండాలూ ఊపాడు. ఆ ఆట మేం నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాం.

తన హారన్‌కి తనే ఉలిక్కిపడి లేచిన ఎల్విన్, అద్దం మీది ఆవిరి మోచేత్తో తుడిచి, బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నాడు. పదిహేడో నంబరు జెర్సీ వేసుకున్న పొడుగాటి కుర్రాడొకడు తల వంచుకుని వెనక్కి పరిగెడుతున్నాడు. ఆథల్ జెండాలు ఇంకా ఊపుతూనే ఉన్నాడు. ఎల్విన్ పుస్తకం తీసి రాసుకున్నాడు: "నం. 17. దూరం నుంచి గోలు. గోలు కొట్టినా గర్వం లేదు."

గర్వం లేకపోవడానికి కారణం అది గోలు కాకపోవడమేనని ఆ కుర్రాడికి తెలుసు, స్తంభానికి తెలుసు.

ఎల్విన్ పని అదే. మెల్‌బోర్న్‌లోని ఒక పెద్ద క్లబ్బు తరఫున మా జిల్లా కుర్రాళ్ళ ఆట చూసి, ఎవడు పైకి వస్తాడో రాసి పంపడం. ప్రతి నవంబరులో పెద్ద క్లబ్బులన్నీ కూర్చుని, వంతులవారీగా దేశంలోని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి తీసుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఆ రోజు పేరు పిలిపించుకున్నవాడి బతుకు ఒక తీరు, పిలిపించుకోనివాడి బతుకు గోధుమ గోదాము.

ఎల్విన్ ఈ పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. అంతకుముందు, ఇప్పటికీ చేతనైనప్పుడు, అతని వృత్తి గొర్రె ఉన్నికి తరగతి కట్టడం. కత్తిరించిన ఉన్ని బల్లమీద పరిస్తే, బొటనవేలితో రెండు పోగులు లాగి, చెవి దగ్గర పెట్టుకుని చిటుక్కుమనిపించి, ఇది ఫలానా తరగతి అని తేల్చేవాడు. ఉన్ని విషయంలో అతని మాటకు తిరుగు లేదు. కుర్రాళ్ళ విషయంలో మాత్రం, ఇరవై రెండేళ్ళలో ముప్ఫై ఒక్క పేర్లు పంపితే డ్రాఫ్ట్‌లో ఒక్కణ్ణి కూడా ఎవరూ పిలవలేదు. అలాగని ఆ ముప్ఫై ఒక్కమందీ చెడిపోలేదు. ఒకడు పశువుల డాక్టరయ్యాడు, ఇద్దరు ట్రాక్టర్లు అమ్ముతున్నారు, ఒకడు లూథరన్ పాస్టరై ఆదివారాలు మమ్మల్ని నిద్రపుచ్చుతున్నాడు. అందరూ అమ్మానాన్నలకు ఫోన్ చేసే పిల్లలే. ఎల్విన్ మంచి అల్లుళ్ళను ఏరిపెట్టాడు. క్లబ్బుకి కావలసింది ఆటగాళ్ళు.

దానికి కారణం నాకు తెలుసు. కొంత నేనే. ఈ క్లబ్బులో పంతొమ్మిదేళ్ళుగా క్యాంటీన్ నడిపేదాన్నీ, జెర్సీలు ఉతికేదాన్నీ నేను. ఎల్విన్ ఏ కుర్రాడి మీదైనా కన్నేస్తే ముందు నా కౌంటర్ దగ్గరికే వచ్చేవాడు.

"గ్లెనిస్, ఆ తొమ్మిదో నంబరువాడు నీ దగ్గర మీట్ పై తీసుకున్నాక థాంక్స్ చెబుతాడా?"

"చెబుతాడు. సాస్ మాత్రం అడక్కుండానే పిండుకుంటాడు."

"జెర్సీ ఎలా విప్పి పడేస్తాడు?"

"తిరగేసి. చేతులు లోపలే ఉంటాయి. లోపల చెయ్యిపెట్టి లాగితే బురద, ఒక్కోసారి చూయింగ్ గమ్."

"అయితే వాడికి ఓర్పు లేదు," అని పుస్తకంలో కొట్టేసేవాడు. అలా కొట్టేసినవాళ్ళలో ఒకడు, వేరే క్లబ్బుకి వెళ్ళి, టీవీలో కనిపిస్తున్నాడు. ఇప్పటికీ తిరగేసే విప్పుతాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఆ ఏడాది మే నెలలో మెల్‌బోర్న్ క్లబ్బుకు ఎంపికల పెద్దగా రీస్ అనే కొత్తవాడు వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఎల్విన్ బైనాక్యులర్స్ కంటే ఆరేళ్ళు చిన్న. ఎల్విన్‌ని ఒక్కసారైనా చూడకుండానే "ఎల్" అని పిలిచేవాడు.

"ఎల్, నీ రిపోర్టులు చదివాను," అన్నాడు ఫోన్లో. "బాగున్నాయి. కథల్లా ఉన్నాయి. ‘మెత్తగా కనిపిస్తాడు కానీ పోగు గట్టిది’ అంటే నేను కంప్యూటర్లో ఏ గడిలో వేసుకోవాలి?"

"గడిలో పట్టదు," అన్నాడు ఎల్విన్.

"అందుకే చెబుతున్నా. ఈ ఏడాది డ్రాఫ్ట్ ముందు జరిగే అక్టోబరు పరుగు పరీక్షలకి నీ జిల్లా నుంచి ఒకే ఒక్క పేరు. వాడు పనికొస్తే నువ్వుంటావు. లేకపోతే మార్చి నుంచి మీ మైదానంలో స్తంభానికి కెమెరా పెట్టిస్తాను."

ఒక్క పేరు. ఆ ఒక్క పేరు కోసం ఎల్విన్ వానలో పది మైదానాలు తిరిగాడు, ఆరువేల కిలోమీటర్లు నడిపాడు. ఆ అలసట మీదే, కెల్‌గ్రేవ్ జట్టుతో మా ఊళ్ళో ఆడిన రోజున, నుదురు స్టీరింగ్ మీద ఆనింది. ఆ ఆట చివరి సగం చూశాక ఎల్విన్ మనిషి మనిషిలా లేడు. పదిహేడో నంబరు కుర్రాడు ముగ్గురి భుజాల మీదుగా లేచి బంతి పట్టుకున్నాడు. ఎడమకాలితో ఇంకా మూడు గోల్స్ కొట్టాడు. కింద పడ్డ కెల్‌గ్రేవ్ ఆటగాణ్ణి చెయ్యిచ్చి లేపాడు. ఆటగాళ్ళ పట్టికలో పదిహేడుకి ఎదురుగా ఉన్న పేరు హ్యూగో నోస్కే. మా క్లబ్బు అధ్యక్షుడు మర్రే నోస్కే ఏకైక కొడుకు.

ఆ బుధవారమే ఎల్విన్ నోస్కేల ఇంటికి వెళ్ళాడు. పేరు పంపేముందు ఇంటికి వెళ్ళి టీ తాగి చూసి రావడం అతని పద్ధతి. అక్కడ జరిగింది ఎల్విన్ ఒక రకంగా చెప్పాడు, హ్యూగో తల్లి రోస్లిన్ ఇంకో రకంగా చెప్పింది. టీతో తిన్న స్కోన్ రొట్టెల సంఖ్య దగ్గర తప్ప ఇద్దరి మాటా ఒక్కటే.

"రోస్లిన్, నీ మణికట్టు చూపిస్తావా?" అన్నాట్ట, కూర్చున్నాడో లేదో.

"నా మణికట్టుతో నీకేం పని?"

"తల్లి మణికట్టును బట్టి కొడుకు ఇంకెంత ఎదుగుతాడో తెలుస్తుంది."

"గుర్రాలు కొనేవాళ్ళు నయం. పళ్ళు చూసి ఊరుకుంటారు," అంటూనే గాజు పైకి జరిపి చూపించింది. అధ్యక్షుడి భార్య కదా, కొడుకు భవిష్యత్తు కోసం ఆమాత్రం చెయ్యకపోతే ఎలా.

వంటింటి గుమ్మానికి ఆనించి హ్యూగో ఎత్తు కొలిస్తే నూట ఎనభై ఏడు సెంటీమీటర్లు వచ్చింది. కారులోంచి చూసి ఎల్విన్ రాసుకున్నది నూట తొంభై రెండు. ఉన్నికి తరగతి కట్టినవాడు అంత సులువుగా ఓడిపోడు. బూట్ల కింది మేకులకు రెండు, బురదకు రెండు, తడిసి నిక్కిన జుట్టుకు ఒకటి అని లెక్క సరిపెట్టాడు.

"ఎడమకాలితో చక్కగా కొడతావు," అన్నాడు హ్యూగోతో.

"నేనా? ఎడమకాలితో సైకిల్ స్టాండ్ కూడా వెయ్యలేను," అన్నాడు హ్యూగో, నోట్లో స్కోనుతో.

ఎల్విన్ పుస్తకంలో రాసుకున్నాడు: "అణకువ." కింద గీత కూడా గీశాడు.

"ఆ జామ్ దేనితో చేశావు రోస్లిన్?" అని అడిగి, మూడో స్కోన్ తిని, వచ్చేశాడు. రాత్రికల్లా రిపోర్టు మెల్‌బోర్న్ చేరింది. ఆగస్టులో హ్యూగో పేరిట పరీక్షలకు పిలుపు వచ్చింది. అందులో హ్యూగో ఏ ఆట బాగా ఆడాడో రాయలేదు, ‘మీ ప్రతిభ చూసి’ అని మాత్రం ఉంది. ఏకైక కొడుకు ప్రతిభ గురించి తల్లిదండ్రులు ఎక్కడా ఎదురు ప్రశ్న వెయ్యరు. మర్రే క్లబ్బు గేటు దగ్గర నిలువెత్తు బోర్డు పెట్టించాడు: ‘అభినందనలు హ్యూగో. విర్రాబూల్ గర్విస్తోంది.’ గర్వించేముందు విర్రాబూల్‌ని ఎవరూ అడగలేదు.

తర్వాత గురువారం సాయంత్రం, కుర్రాళ్ళు బయట సాధన చేస్తుంటే, నేను క్యాంటీన్ వెనక గదిలో జెర్సీలు మడతపెడుతున్నాను. ఎల్విన్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతిలో రిపోర్టు నకలు.

"విను గ్లెనిస్. ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు." గొంతు సవరించుకుని చదివాడు. "‘విరామానికి ముందు సామాన్యం. బంతి వస్తే తప్పుకునే రకం. విరామం తర్వాత పూర్తిగా వేరే కుర్రాడు. ఎడమకాలు కొరడా. పైకి లేస్తే కిందికి రావడానికి తొందరపడడు. మెత్తగా కనిపిస్తాడు కానీ పోగు గట్టిది.’"

నేను మడతపెట్టిన జెర్సీనే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాను.

"ఎల్విన్, ఇది ఏ రోజు ఆట?"

"కెల్‌గ్రేవ్‌తో. వాన పడ్డ శనివారం."

"విరామం తర్వాత హ్యూగో ఎక్కడున్నాడో తెలుసా?"

"మైదానం మధ్యలో. నా కళ్ళతో చూశాను."

"నా క్యాంటీన్ వెనక. మడమ బెణికి, నా కూల్‌డ్రింకుల ఐసు బకెట్లో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆట అయ్యేదాకా లేవలేదు. రెండు పైలు తిన్నాడు."

ఎల్విన్ నవ్వబోయి ఆగిపోయాడు. "మరి పదిహేడు?"

"జెర్సీ పదిహేడే. లోపల ఉన్నది ఇవాన్ టయాక్."

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. మా ఆటలో జెర్సీ మీద నెత్తురు మరక పడితే అది మార్చుకుంటే గానీ మళ్ళీ ఆడనివ్వరు. అందుకని ప్రతి ఆటకీ అదనపు జెర్సీలున్న సంచి తీసుకురావడం నా బాధ్యత. ఆ రోజు ఆ జెర్సీలు నా పెరటి తీగ మీద, వానలో, ఉదయం ఆరేసినదాని కంటే తడిగా వేలాడుతున్నాయి. విరామానికి ముందు ఇవాన్‌కి ముక్కు పగిలి ముప్ఫై ఎనిమిదో నంబరు జెర్సీ నెత్తురుమయమైంది. హ్యూగో అప్పుడే కుంటుతూ బయటికి వచ్చాడు. అతని పదిహేడు మీద నెత్తురు కాదు కదా, బురద చుక్క కూడా లేదు. విప్పి ఇవాన్‌కి తొడిగాం. అంపైరుకి చెప్పాం, నంబరు రాసేవాళ్ళకి చెప్పాం. దాంతో లోకమంతటికీ చెప్పినట్టే అనుకున్నాం.

"అందరి ముందే, బెంచీ దగ్గరే మార్చారు. నువ్వు చూడలేదూ?" అన్నాను.

ఎల్విన్ కాసేపు చేతిలోని కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఒక్క నిమిషం కళ్ళు మూశాను."

"ఎంత నిమిషం?"

"పావుగంట. ఇరవై అనుకో."

నాకు అప్పుడు వెలిగింది. "ఆ హారన్ నువ్వేనా?"

అతను కుప్పలోంచి ఒక జెర్సీ తీసి కుట్లు పరిశీలించడం మొదలుపెట్టాడు.

"అది గోలు కూడా కాదు ఎల్విన్. స్తంభానికి తగిలింది. నీ హారన్ విని అందరూ కొట్టారు, అందరి హారన్లూ విని ఆథల్ జెండాలూపాడు, ఆథల్ జెండాలు చూసి నువ్వు గోలని రాశావు."

తన హారన్‌కి తనే సాక్షి అయిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. కుర్చీలో కూలబడ్డాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య జెర్సీ అంచు నలుపుతూనే ఉన్నాడు.

"పోనీ, ఊరుకో," అన్నాను. ఊరుకుంటాడో లేదో చూద్దామని నాకూ కాస్త దుర్బుద్ధి. "హ్యూగో వెళ్తాడు, పరిగెత్తుతాడు, వెనక్కొస్తాడు. నీ ముప్ఫై ఒకటి ముప్ఫై రెండవుతుంది. నిద్ర సంగతి నువ్వూ నేనూ తప్ప మూడో కంటికి తెలియదు."

"ఇవాన్‌కి ఎన్నేళ్ళు?"

"మార్చిలో పద్దెనిమిది నిండాయి. నవంబరులో వాళ్ళ మామయ్య గొర్రెల జట్టుతో క్వీన్స్‌లాండ్ పోతున్నాడు, ఉన్ని కత్తిరించడానికి."

"పోతే?"

"పోతే ఏముంది. మళ్ళీ వాణ్ణి వెతుక్కుంటూ ఎవరొస్తారు?"

నోరు విప్పితే అతని పని పోతుంది. విప్పకపోతే ఆ కుర్రాడి అదృష్టం పోతుంది. రెండు పోగులూ అతని చేతిలోనే ఉన్నాయి, లాగి చూడక్కర్లేకుండానే ఏది తెగుతుందో తెలుస్తోంది.

"నీకు చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను.

"అవును," అన్నాడు ఎల్విన్, ఎంతో మనస్ఫూర్తిగా.

ఆ శనివారం ఎల్విన్ కారులో కూర్చోలేదు. కూర్చుంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి, మూడు ఫ్లాస్కుల కాఫీతో కంచె దగ్గర వానలో నిలబడ్డాడు. ముప్ఫై ఎనిమిదో నంబరు జెర్సీనే కాదు, విరామంలో లోపలికి వచ్చి, మెడ పట్టుకుని, లోపలున్న ముఖం కూడా చూసి వెళ్ళాడు. అది ఇవానే. ఎత్తు కొలిచాడు. నూట తొంభై రెండు, బురద లేకుండానే. ఎడమకాలు ఎడమకాలే. మిగిలింది తల్లి మణికట్టు. ఇవాన్ తల్లి జోడీ బడి బస్సు నడుపుతుంది. సోమవారం ఉదయం ఎల్విన్ మా వీధి స్టాపులో, ఎనిమిదేళ్ళ పిల్లల వెనక వరసలో నిలబడి, బస్సెక్కాడు.

"ఎల్విన్, ఇది బడి బస్సు," అంది జోడీ.

"తెలుసు. నువ్వు స్టీరింగ్ తిప్పుతుంటే ఒక్కసారి చూసి దిగిపోతాను."

"పెద్దవాళ్ళని ఎక్కించుకోకూడదు. దిగు."

"మణికట్టు ఒక్కటీ..."

"ఎల్విన్, దిగు."

దిగాడు. కానీ తలుపు మూయడానికి జోడీ చెయ్యి చాచింది కదా, ఆ రెండు క్షణాలు చాలు. దిగుతూ పుస్తకంలో రాసుకున్నాడు. కిటికీలోంచి పిల్లలంతా టాటా చెప్పారు.

మధ్యాహ్నం నా క్యాంటీన్ కౌంటర్ మీద ఫోన్ పెట్టి, స్పీకర్ వేసి, రీస్‌కి చేశాడు. ఒంటరిగా చెయ్యలేనన్నాడు. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను, ఏడిస్తే సాకు ఉంటుందని.

"పేరు తప్పా?" అన్నాడు రీస్. "ఎత్తు తప్పితే విన్నాను, బరువు తప్పితే విన్నాను. పేరా?"

"పేరొక్కటే. ఒక గోలు కూడా తీసెయ్యాలి. మిగతాదంతా ఉన్నదున్నట్టే. పేరు మార్చి మళ్ళీ పంపుతాను."

"ఎలా తప్పింది?"

ఎల్విన్ నా వైపు చూశాడు. నేను ఉల్లిపాయ వైపు చూశాను. వాన అనొచ్చు, అద్దం మీద ఆవిరి అనొచ్చు, పట్టికలో అచ్చుతప్పు అనొచ్చు, నా సంచి మీదికి తోసెయ్యొచ్చు.

"నిద్రపోయాను," అన్నాడు.

అవతల కంప్యూటర్ మీట టకటకమంది. "దీనికి నా దగ్గర గడి లేదు ఎల్," అన్నాడు రీస్. "ఆట వీడియో ఏదైనా ఉందా?"

"ఆథల్ భార్య తీసింది ఉంది," అన్నాన్నేను ఇటునుంచి. "అందులో చివరి సగమంతా ఆమె గొడుగే కనబడుతుంది. అంచుకింద నుంచి కాళ్ళు కనిపిస్తాయి."

"పంపండి. ఎడమకాలైనా తెలుస్తుంది." నిట్టూర్చాడు. "సరే. ఆ కుర్రాణ్ణి పంపు. కానీ మార్చిలో కెమెరా వస్తుంది. కెమెరా నిద్రపోదు."

"నిజమే," అన్నాడు ఎల్విన్. ఫోన్ పెట్టేశాక, కడిగి ఆరబెట్టిన కప్పులన్నీ మళ్ళీ కడిగాడు. నేను వద్దనలేదు.

(కెమెరా మార్చిలోనే వచ్చింది. నిద్రపోలేదు. రెండోవారంలో తెల్ల కాకటూ చిలుకలు వచ్చి దాని తీగ కొరికి తినేశాయి. ఈ మాట నేను ఏమాత్రం సంతోషం లేకుండా చెబుతున్నాను.)

నోస్కేల ఇంటికి వెళ్ళడం ఇంకా మిగిలింది. ఫోన్లో చెప్పెయ్యమన్నాను. స్కోన్లు తిన్న ఇంటికి మనిషే వెళ్ళాలన్నాడు. వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడట. రోస్లిన్ టీకి కెటిల్ పెట్టలేదు. మా ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు.

"నా మణికట్టు కూడా చూశావు," అంది.

"మంచి మణికట్టు రోస్లిన్. దాని తప్పేం లేదు."

మర్రే ముఖం జేవురించింది. "బోర్డు పెట్టించాను ఎల్విన్. బోర్డు. ఊరంతా చూసింది."

వంటింట్లోంచి హ్యూగో వచ్చాడు, చేతిలో రొట్టె. సంగతి రెండు ముక్కల్లో విన్నాడు. వాడి భుజాలు ఒక్క బెత్తెడు కిందికి దిగాయట. ఎల్విన్ అది నిరాశ అనుకుని ఇంకోసారి క్షమాపణ చెప్పబోయాడు.

"హమ్మయ్య," అన్నాడు హ్యూగో. "రెండు కిలోమీటర్లు పరిగెత్తిస్తారంట కదా అక్కడ. నేను మూడు వారాలుగా సరిగ్గా నిద్రపోలేదు. నాన్నా, నేను డీజిల్ ఇంజన్ల పని నేర్చుకుంటానని పిలుపు వచ్చిన రోజే చెప్పాను."

"నువ్వు చెప్పలేదు."

"చెప్పాను. నువ్వు బోర్డు కొలతలు తీసుకుంటున్నావు." వాడు ఎల్విన్ వైపు తిరిగాడు. "ఇవానే కదా? వాడైతే పర్లేదు. జెర్సీ నాది కాబట్టి వాడు పైకొస్తే సగం పేరు నాదే."

ఉన్నికి తరగతి కట్టినట్టు, ఎల్విన్ ఆ కుర్రాణ్ణి ఆ నిమిషంలో సరిగ్గా చూశాడు. ఇంటికెళ్ళి పుస్తకం తీసి, హ్యూగో పేరు కొట్టేసినా, ‘అణకువ’ అన్న మాట కింద గీత అలాగే ఉంచాడు.

మర్రే బోర్డు పీకించలేదు. అంత పెద్ద బోర్డు వృథా చెయ్యడానికి చేతులు రాలేదు. ‘హ్యూగో’ మీద ‘ఇవాన్’ అని కాగితం అంటించాడు. వానకు తడిసిన రోజున కింది పేరు పైకి కనిపించేది. గర్విస్తున్న విర్రాబూల్ మాత్రం అలాగే ఉంది.

అక్టోబరులో ఇవాన్ వెళ్ళి పరిగెత్తాడు, ఎగిరాడు, ఎడమకాలితో కొట్టాడు. అంకెలన్నీ గడుల్లో చక్కగా పట్టాయని రీస్ ఫోన్ చేసి చెప్పాడు. "మా వంతు యాభై రెండో పేరు. అంతవరకూ వాణ్ణి ఎవరూ ముట్టుకోరు. ఎవరికీ తెలియదుగా," అన్నాడు. గొంతులో మొదటిసారి ఒక మనిషి వినిపించాడు.

నవంబరు నెల డ్రాఫ్ట్ రోజు సాయంత్రం, ఎండ ఇంకా గోదాముల మీద పచ్చగా ఉండగానే, ఊరంతా క్లబ్బు గదిలో టీవీ ముందు కూర్చుంది. రోస్లిన్ స్కోన్లు తెచ్చింది. పళ్ళెం ఎల్విన్ దాకా వచ్చి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఇవాన్ మూల కుర్చీలో, తల్లి పక్కన, జెర్సీ విప్పడానికి వెళ్ళేవాడిలా తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన వాడి సంచి, క్వీన్స్‌లాండ్ బస్సు టికెట్టు జేబులోంచి తొంగి చూస్తోంది.

నలభై పేర్లు పోయాయి. నలభై అయిదు. ఆథల్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. యాభయ్యోది పోయింది. ఇంకొక్కటి పోతే మనదే అని మర్రే లేచి నిలబడ్డాడు. యాభై ఒకటో వంతు వేరే క్లబ్బుది. అక్టోబరు పరీక్షలకు తనూ వచ్చిన ఆ క్లబ్బు పెద్దమనిషి కాగితం చూసి, కళ్ళజోడు దించి చదివాడు.

"ఇవాన్ టయాక్, విర్రాబూల్."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. జోడీ ఇవాన్ మోచేతిని పట్టుకుంది. పట్టు చూస్తే మణికట్టు మంచిదే అనిపించింది. హ్యూగో బయటికి పరిగెత్తి తన కారు హారన్ మీద రెండు చేతులూ వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, నలభై కార్లూ మోగాయి. ఆథల్ నిలబడి, జెండాలు లేకపోయినా, రెండు చూపుడువేళ్ళూ ముందుకు చాచి గోలు చూపించాడు. ఈసారి స్తంభానికి తగల్లేదు.

ఎల్విన్ లేవలేదు. ఇవాన్ మనుషుల్ని తోసుకుంటూ అతని దగ్గరికి వచ్చి, ఏం చెప్పాలో తెలియక, "థాంక్స్," అన్నాడు.

"మీట్ పై తీసుకున్నాక కూడా చెబుతాడు," అన్నాను నేను.

ఎల్విన్ కోటు జేబులో ఫోన్ మోగింది. చెవిలో పెట్టుకుంటే ఆ హారన్ల మధ్య ఏమీ వినిపించక, స్పీకర్ వేసి బల్లమీద పెట్టాడు. రీస్ గొంతు గదంతా వినిపించింది.

"ఒక్క వంతు ఎల్, ఒకే ఒక్క వంతు. ఇరవై రెండేళ్ళలో నువ్వు చెప్పినవాడొక్కడు తేలాడు, వాడూ పోయి పోయి వేరే క్లబ్బులో తేలాడు. పైవాళ్ళు నన్ను అడుగుతున్నారు, నీ పేరుకి ఎదురుగా ఏమని రాయమంటావు?"

ఎల్విన్ ఫోన్ మీదికి వంగాడు.

"కుర్రాడు సరైనవాడే, జెర్సీయే మళ్ళీ తప్పిందని రాయి బాబూ."